కొండలు లేని సీమలో కాంతి

ప్రకృతిదృశ్యముల ఛాయాచిత్రము అనగానే మన మనస్సునకు ముందుగా తోచునవి హిమశిఖరములు, జలపాతములు, అగాధమైన లోయలు; అట్టివానినే చూచి అలవాటుపడిన కన్నుతో తెనాలి స్టేషనులో దిగి, రేపల్లె బండి ఎక్కి, కిటికీలోనుండి ఇరువైపుల చూచినవాడు, ఎటు చూచినను ఒకే మట్టమున పరచుకొన్న వరిచేలను, నడుమ కాలువగట్లను, గట్లపై తాటిచెట్ల వరుసలను కాంచి, ఇచ్చట కెమెరా తీయవలసిన పని యేమున్నదని సంచి మూసివేయుట కద్దు. ఆ తీర్పు తొందరపాటు తీర్పు. సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉండి, కనుచూపు మేర గుట్టయైనను లేని ఈ తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలో కాంతి యెట్లు ప్రవర్తించునో, నీరు దానినెట్లు మార్చునో, గాలిలోని తేమ దానినెట్లు చెదరగొట్టునో నేర్చుకొన్నంత బాగుగ ఆంధ్రదేశమున మరియొకచోట నేర్చుకొనజాలమని నా నిశ్చితాభిప్రాయము.

కొండలపై మన ఛాయాగ్రాహకులకుగల మమకారమునకు ఒక చరిత్ర కలదు. 1861లో కార్లెటన్ వాట్కిన్స్ అను అమెరికా దేశస్థుడు కంచరగాడిదలపై సామగ్రి మోయించుకొని యోసెమిటీ లోయకు పోయి, 18 అంగుళముల వెడల్పు, 22 అంగుళముల పొడవు గల గాజుపలకలపై చిత్రములు తీసెను. అవి వాషింగ్టను నగరమున పెద్దల కంటబడినవి. 1864 జూన్ 30న అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజల నిమిత్తము పరిరక్షించు శాసనముపై సంతకము చేసెను. 1871లో హేడెన్ పరిశోధక బృందముతో ఎల్లోస్టోన్ ప్రాంతమునకు పోయిన విలియం హెన్రీ జాక్సన్ తీసిన చిత్రములు శాసనసభ్యుల యెదుట నిలువగా, మరుసటి ఏడు మార్చి 1వ తేదీన ప్రపంచములోని మొట్టమొదటి జాతీయోద్యానము వెలసెను. అనగా ఆ దేశమున ఉద్యానము కంటె ముందు చిత్రము పుట్టినది; చిత్రమును చూచిన పిమ్మటనే చట్టము పుట్టినది. ఆ చిత్రములన్నియు కొండలవి కాబట్టి, రక్షింపదగిన ప్రకృతి యనగా కొండలే యను భావము లోకమున స్థిరపడిపోయెను. మన రాష్ట్రమునందును 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము శేషాచల పర్వతములది. 2008లో ఆ హోదా పొందిన పాపికొండల ఉద్యానము పేరులోనే కొండలున్నవి. కృష్ణ సముద్రమున కలియుచోటగల మడ అడవులకు మాత్రము జాతీయోద్యానమను పేరు లేదు. 1989లో ప్రకటింపబడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యముగా, సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర, నదికి ఇరువైపుల అవి నిలిచియున్నవి.

ఈ నేల పుట్టుక కొంత తెలిసిననేగాని ఇచ్చట ఏమి చూడవలెనో బోధపడదు. వేల సంవత్సరములుగా కృష్ణ మోసికొనివచ్చిన ఒండ్రుతో కట్టిన నేల ఇది. తెనాలి మూడు కాలువల పట్టణము. అచ్చటికి పైన దుగ్గిరాల వద్ద మొదలగు కొమ్మమూరు కాలువ పెదగంజాము దాక పోయి బకింగ్‌హాం కాలువలో కలియును. బాపట్ల చుట్టుపట్లకు వచ్చునప్పటికి నల్లరేగడి తగ్గి ఇసుక మిక్కుటమగును. తీరమునకు సమాంతరముగ సాగు ఆ ఇసుకమెరకలు పూర్వకాలపు సముద్రపుటొడ్డులు. నది తెచ్చిన మన్ను నేలను ముందుకు నెట్టినకొలది ఒక్కొక్క ఒడ్డు వెనుకబడి మెరకగా మిగిలిపోయినది. బాపట్లనుండి సూర్యలంకకు సుమారు 9 కిలోమీటర్లు; ఆ దారిలో సరుగుడు తోటలను, జీడిమామిడి చెట్లను దాటి పోవువాడు తనకు తెలియకయే సముద్రపు పాతజాడలను దాటిపోవుచున్నాడు. రేపల్లె దిక్కున పెనుమూడి వద్ద నది విశాలమై, అక్కడినుండి దక్షిణముగా పోయినచో లంకెవానిదిబ్బ చేరువలో మంచినీటి చెట్లు క్రమముగా కనుమరుగై, ఉప్పునీటి మడచెట్లు మొదలగును. ఇందులో ఏ మార్పును నిలువుగా కనబడదు. అన్నియు అడ్డముగా, మెల్లగా జరుగును. ఎత్తుపల్లములు లేనిచోట చిత్రమునకు ఆకృతినిచ్చుటకు వెలుగొక్కటే గతి.

ఆ వెలుగు ఇచ్చట ఎంతసేపుండును? ప్రాతఃకాలమున సూర్యుడు దిఙ్మండలము నుండి ఆరు డిగ్రీల ఎత్తు చేరులోపల పడు ఏటవాలు కాంతి చిత్రకారులకు ప్రాణము. ఆ కాంతిలో దుక్కిచాలు నీడ, గట్టు నీడ, ఇసుకపై గాలి గీసిన ముడుత నీడ సాగి, చదునైన నేలకు లోతు కల్పించును. బాపట్ల దాదాపు 16వ ఉత్తర అక్షాంశమున ఉన్నది గనుక సూర్యుడు ఇచ్చట నిట్రముగా పైకి లేచును. విషువత్తుల నాడు ఆ ఆరు డిగ్రీలు ఎక్కుటకు 25 నిమిషములు చాలును. లండను నగరమున అదే రోజున ఆ పనికి 39 నిమిషములు పట్టును. విదేశీయులు వ్రాసిన ఛాయాచిత్ర గ్రంథములలో దీనికి 'బంగారు గంట' యని పేరు. మన తీరమున అది అరగంట కూడ కాదు. సూర్యోదయమైన పిమ్మట తీరికగా స్థలము వెదకుకొందమనుకొన్నవానికి ఇచ్చట ఏమియు మిగులదు; ముందునాడే చోటు చూచుకొని, చీకటితో వచ్చి నిలువవలెను. మే మొదటివారమునను, మరల ఆగస్టు 8, 9 తేదీల ప్రాంతమునను మధ్యాహ్నసూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. ఆనాడు తాటిచెట్టు నీడ దాని మొదటనే పడియుండును. అట్టి వేళ కెమెరాకు విశ్రాంతినిచ్చుట మేలు.

దిక్కు విషయమును గూడ గమనింపదగును. సూర్యలంక తీరము ఆగ్నేయాభిముఖముగా నున్నది. డిసెంబరులో సూర్యుడు తూర్పునకు దాదాపు 24 డిగ్రీలు దక్షిణముగా ఉదయించును గనుక ఆ నెలలో ఉదయభానుడు సరిగా కడలినడుమనుండి లేచును. జూనులో అంతే మేర ఉత్తరమునకు జరుగుటచే, ఒడ్డువెంబడి వాలుగా వచ్చు కాంతి అలల నురుగును ప్రక్కనుండి వెలిగించును. ఒకే చోట నిలిచి ఆరు నెలల ఎడముతో తీసిన రెండు చిత్రములు రెండు వేరు సముద్రములవలె కనిపించుటకు కారణమిదియే.

రంగుల సంగతి లార్డ్ రేలీ 19వ శతాబ్దియందే తేల్చెను. గాలిలోని అణువులు చిన్న తరంగదైర్ఘ్యముగల కాంతిని మిక్కిలిగా చెదరగొట్టును. ఆ పరిక్షేపణము తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతమునకు విలోమముగా నుండుటచే, 450 నానోమీటర్ల నీలకాంతి 650 నానోమీటర్ల ఎఱ్ఱకాంతి కంటె నాలుగు రెట్లకు పైగా చెదరును. నడినెత్తినున్నప్పటి కంటె దిఙ్మండలమున నున్నప్పుడు సూర్యకిరణము సుమారు 38 రెట్లు గాలిని దాటి రావలసియుండును. ఆ దారిలో నీలము రాలిపోయి ఎఱుపు మిగులును. ఐతే ఇది శుద్ధవాయువు మాట. మన తీరపు గాలిలో సముద్రపుటుప్పు రేణువులు తేమను పీల్చి ఉబ్బియుండును. అవి కాంతితరంగముతో సమానమైన పరిమాణము గలవి గనుక అన్ని రంగులను ఇంచుమించు సమముగా చెదరగొట్టి ఆకాశమును పాలిపోజేయును. వేసవిలో రేపల్లె ఆకాశము నీలముగాక తెల్లగా కనబడుట కదియే హేతువు. ధనుర్మాసమున మాత్రము ఆ తేమయే వరముగా మారును: నిర్మలమైన రాత్రి నేల వేడిమి ఆకాశమునకు పోయి, కాలువమీదను, కోతలైన మడులమీదను మంచు పట్టి, తెల్లవారుజామున తాటితోపులు ఒకదానివెనుక ఒకటి పలుచబడుచు పోవును. కొండ లేని సీమకు దూరమును చూపించునది ఆ మంచొక్కటే. దగ్గరి చెట్టు నల్లగా, దాని వెనుకది బూడిదరంగుగా, అవతలిది తెల్లని జాడగా తోచినప్పుడు, కన్ను ఆ మెట్లను లెక్కించి దూరమును గ్రహించును.

ప్రొద్దెక్కి బురదనేల వేడెక్కినచో మరియొక చిక్కు వచ్చును. నేలనుండి లేచు వేడిగాలి పొరలు చల్లగాలితో కలియుచు కాంతికిరణములను క్షణక్షణము వంచుటచే, పెద్ద టెలిఫొటో లెన్సుతో దూరపు కొంగను తీసినచో దాని అంచులు వణకుచున్నట్లు చెదరిపోవును. ఎంత ఖరీదైన లెన్సునకును దీనికి మందు లేదు. దూరము తగ్గించుట, పెందలకడ తీయుట, ఈ రెండే ఉపాయములు.

నీటి విషయమున మాట్లాడునప్పుడు చంద్రశేఖర వేంకట రామన్‌ను తలపక గత్యంతరము లేదు. తండ్రిగారి ఉద్యోగమువలన బాల్యమును విశాఖపట్టణపు సముద్రతీరమున గడపిన ఆ మహనీయుడు 1921లో ఇంగ్లండునుండి 'నార్కుండా' నౌకపై మరలివచ్చుచు, మధ్యధరా సముద్రపు గాఢనీలిమను చూచి, అది ఆకాశపు ప్రతిబింబమే యని రేలీ చెప్పిన మాటను పరీక్షింపదలచెను. అందులకు ఆయన ఉపయోగించిన సాధనము జేబులో ఇముడు నికల్ పట్టకము. నీటిపై ఒకానొక కోణమున పడి పరావర్తనము చెందిన కాంతి పూర్ణముగా ధ్రువణము చెందును, అనగా దాని కంపనములన్నియు ఒకే తలమున నుండును. పట్టకమును తగినట్లు త్రిప్పి ఆ పరావర్తనకాంతిని ఆర్పివేయగా, ఆకాశపు ప్రతిబింబము మాయమైనను సముద్రము నీలముగానే, ఇంకను గాఢముగా కనిపించెను. నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని ఆయన గ్రహించెను. ఆ ఆలోచనాధారయే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితముగా పరిణమించి, 1930లో నోబెల్ బహుమతిని తెచ్చెను.

నేడు ఛాయాగ్రాహకులు లెన్సుముందు తొడుగుకొను పోలరైజింగ్ ఫిల్టరు చేయు పనియు అచ్చముగా ఇదియే. నీటికి ఆ ప్రత్యేకకోణము లంబమునుండి సుమారు 53 డిగ్రీలు; నీటిమట్టమునుండి చూచినచో 37 డిగ్రీలు. తెనాలి కాలువగట్టున, నీటికి ఒకటిన్నర మీటరు ఎత్తున కెమెరాను పట్టుకొన్నచో, రెండు మీటర్ల దూరమునగల నీటిపై ఫిల్టరు పూర్తిగా పనిచేసి అడుగుననున్న నాచును, చేపపిల్లలను చూపించును. అంతకు బాగుగా దూరముననున్న నీటిపై దాని శక్తి తగ్గిపోవును. ఆకాశమునందైనచో సూర్యునకు 90 డిగ్రీల దూరమున ధ్రువణము అత్యధికము. వెడల్పు లెన్సుతో తీసినవారి చిత్రములలో ఆకాశము ఒకచోట నల్లబడి ఒకచోట తెల్లబడి ఉండుటకు ఇదే కారణము. ఈ ఫిల్టరును నిత్యము తొడిగియుంచు అలవాటును నేను సమర్థింపను. కొండసీమలో ఆకులపై తళుకు పోగొట్టుట మంచిదే కావచ్చును; మన కాలువలలో, నాట్లకు నీరు పెట్టిన మడులలో ఆ తళుకే సగము చిత్రము. ఆకాశము నేలకు దిగివచ్చిన ఆ వారముదినములలో ప్రతిబింబమును ఆర్పివేసినవానికి మిగులునది బురద.

రామన్ పేరుతోనే మరియొక ముచ్చట చెప్పవలసియున్నది. దసరానాడు చూచిన శుభమని మనవారు వెదకు పాలపిట్ట ఈ సీమలో కరెంటు తీగలపై తరచుగా కనిపించును. కూర్చున్నప్పుడు గోధుమవన్నె పక్షియే. రెక్క విప్పిన క్షణమున నీలమును, మయూరకంఠపు ఛాయయు మెరయును. 1934లో భారత విజ్ఞాన అకాడమీని బెంగుళూరున స్థాపించిన రామన్, ఆ అకాడమీ పత్రికలో పక్షుల ఈకల రంగులపై వ్రాసిన వ్యాసమున పరిశీలించినది ఈ పాలపిట్ట ఈకలనే. ఆ నీలము రంగుపదార్థము కాదు. ఈకను నలిపి పొడిచేసినచో మాయమగును. ఈక పోగులలోని సూక్ష్మమైన గాలిగదులకును, వాని గోడలకును నడుమ కాంతి చెదరి, తిరిగి కలియుటవలన ఆ వర్ణము పుట్టుచున్నది. ఆకాశనీలిమకు చెప్పు సాధారణ సమాధానము దీనికి చాలదని రామన్ గుర్తించెను. లకుముకి పిట్ట వీపున మెరయు నీలమును ఈ జాతిదే. రెక్క విప్పిన పాలపిట్టను నిలిపి పట్టుటకు సెకనులో రెండువేలవ వంతు కాలము కావలెను. అంతటి స్వల్పకాలమునకు చాలు వెలుగు ఉదయము ఎనిమిది దాటినగాని రాదు. కనుక ఇచ్చట బంగారుకాంతికిని, రెక్కల కాంతికిని వేళలు వేరు.

ఇక మడ అడవి. ఇందులో చిత్రము తీయదలచినవాడు గడియారముకంటె ముందు పంచాంగమును చూడవలెను. బంగాళాఖాతపు తీరమున పోటు పాటులు రోజునకు రెండేసిమార్లు వచ్చును. ఒక పోటునకు మరియొక పోటునకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు. కాబట్టి ప్రతిదినము అది దాదాపు 50 నిమిషములు వెనుకబడును. నీరు పూర్తిగా తీసి బురద బయటపడు వేళయు, సూర్యోదయమును ఒకటిగా కలియుట పదిహేను రోజులకొకమారు మాత్రమే తటస్థించును. ఆ దినమును జారవిడిచినవానికి వేర్లు కనబడవు; వేర్లు లేని మడచెట్టు చిత్రము ఏ చెరువుగట్టు చెట్టు చిత్రమైనను కావచ్చును. పడవ నడుపు జాలరిని అడిగినచో ఈ గణితమంతయు ఒక్క మాటలో చెప్పును. అతని మాట తప్పదు.

నీరు తీసిన తరువాత మడచెట్టు చుట్టును బురదలోనుండి వేలకొలది వేర్లు, జానెడు లోపు ఎత్తున, ఆకాశమువైపు నిక్కి కనిపించును. ఉప్పుబురదలో ప్రాణవాయువు లేనందున చెట్టు ఈ శ్వాసమూలముల ద్వారా గాలి పీల్చుకొనును. వీనిని మనిషి ఎత్తునుండి తీసినచో మొలకలవలె తోచును; కెమెరాను బురదకు జానెడు ఎత్తునకు దింపినచో అదే దృశ్యము ఒక మహారణ్యమగును. మడఆకును దగ్గరగా చూడుడు: మధ్యాహ్నపుటెండలో దాని పైతలమున తెల్లని పొడి మెరయుచుండును. వేరు పీల్చిన ఉప్పును ఆకులోని గ్రంథులు బయటకు నెట్టగా, నీరు ఆరి మిగిలిన స్ఫటికములవి. నాలుకతో తాకి చూచినచో సందేహము తీరును. దీనిని మాక్రో లెన్సుతో తీయునప్పుడు, అంతయు స్పష్టముగా రావలెనను ఆశతో పలువురు లెన్సు రంధ్రమును ఎఫ్/22 వరకు ముడుచుదురు. సన్నని రంధ్రమున కాంతి వంగి వ్యాపించును; ఎఫ్/8 వద్ద ఒక బిందువు సెన్సారుపై సుమారు 11 మైక్రోమీటర్ల చుక్కగా పడగా, ఎఫ్/22 వద్ద అది 30 మైక్రోమీటర్లగును; సెన్సారులోని ఒక్కొక్క గడియో నాలుగైదు మైక్రోమీటర్లదే. ఎక్కువ లోతు కోరినవాడు ఈ వివర్తనముచే మొత్తము పదునును పోగొట్టుకొనును. ఎఫ్/8, ఎఫ్/11 ల మధ్య నిలిచి, ముఖ్యమైన ఒక్క స్ఫటికమును ఎంచుకొనుట ఉత్తమము.

అదే బురదపై ఒక పిడికిలి పెద్దదిగాను, ఒకటి చిన్నదిగాను గల మగ ఎండ్రకాయలు, గంతులు వేయు చేపలు తిరుగుచుండును. మన అడుగు అదరగానే సమస్తమును బొరియలలో దూరును. కదలక కూర్చున్నచో కొంతసేపటికి మొదట ఒక కన్ను, పిదప పెద్ద పిడికిలి, ఆపై ఎండ్రకాయ మొత్తము బయటకు వచ్చి, ఆడదానిని పిలుచుటకు ఆ పిడికిలిని మీదికి క్రిందికి ఊపుట మొదలిడును. ఇచ్చట ఓర్పునకు ప్రత్యామ్నాయమైన యంత్రము ఇంతవరకు పుట్టలేదు.

తెనాలికిని గుంటూరునకును నడుమగల ఉప్పలపాడు గ్రామపు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నల్లతల తెల్లకంకణములు చెట్లనిండ గూళ్లు పెట్టుకొని, గ్రామస్థుల ఆదరమున వర్ధిల్లుచున్నవి. అచ్చట తీసిన చిత్రములలో నూటికి సగము తెల్లపక్షి విషయమున చెడిపోవుట నేను చూచితిని. కెమెరాలోని వెలుగుకొలతకు లోకమంతయు మధ్యమమైన బూడిదవర్ణమే; పడిన కాంతిలో సుమారు 18 శాతమును తిరిగి పంపు వస్తువునే అది ఎదుట ఊహించుకొనును. నల్లని బురదలో ఒంటరి కొంగ నిలిచినచో, చీకటి ఎక్కువగా నున్నదని యెంచి అది వెలుగును పెంచును. కొంగ ఈకలు సున్నపుముద్దవలె తెల్లబోవును. గూడబాతుల గుంపు చిత్రమంతయు నిండినచో వెలుగు మిక్కుటమని భ్రమించి తగ్గించును. తెల్లని గూడబాతు మురికిగా వచ్చును. మొదటి సందర్భమున ఒక మెట్టు తగ్గించి, రెండవ సందర్భమున ఒక మెట్టు పెంచుట మన బాధ్యత. సెన్సారులోని ప్రతి గడియు ఒక పరిమితి వరకే విద్యుత్కణములను పట్టుకొనగలదు. నిండి పొర్లిన తరువాత అచ్చట ఈక ఉన్నదో లేదో ఏ కంప్యూటరును చెప్పజాలదు. నీడలో కొంత తరువాత వెలికితీయవచ్చును గాని, తెలుపులో పోయినది పోయినదే. అందుచేత పక్షి తెల్లదనమును కాపాడి, మిగిలిన దానిని తరువాత చూచుకొనవలెను.

రాత్రివేళ మడ అడవిలో చిత్రము తీయునది మనిషి కాదు. మడల నడుమ చేపలు పట్టి బ్రతుకు బావురు పిల్లి కృష్ణా అభయారణ్యమున నున్నట్లు చూపినవి స్వయంచాలిత కెమెరాలే. ఈ పద్ధతి పాతదే: 1920ల నాడు ఉత్తరదేశపు అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ దారికడ్డముగా తీగ కట్టి, పులి కాలు తగులగానే మందు వెలిగి చిత్రము పడునట్లు ఏర్పాటు చేసెను. నేటి కెమెరాకు తీగ అవసరము లేదు. దేహపు వేడిమి కదలికను గుర్తించి, కంటికి కనబడని పరారుణకాంతిని వెదజల్లి తీయును. ఆ చిత్రములలో మడఆకులు వెన్నెలలో తడిసినట్లు తెల్లగా కనిపించుట ఒక వింత. పచ్చని ఆకు ఎఱుపును, నీలమును పీల్చుకొనునుగాని, సమీప పరారుణమును చాల భాగము వెనుకకు పంపివేయును. 1910లో ఆర్. డబ్ల్యు. వుడ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మొదట లోకమునకు చూపిన ఈ గుణమును ఆధారము చేసికొనియే నేటి ఉపగ్రహములు అడవులను కొలుచుచున్నవి. ఆంధ్రప్రదేశమున మడ అడవులు సుమారు 400 చదరపు కిలోమీటర్లని భారత అటవీ సర్వేక్షణ సంస్థ చెప్పగలుగుచున్నది ఈ వెలుగువలననే.

శీతకాలము చివర సూర్యలంక పరిసరపు ఇసుకలో గ్రుడ్లు పెట్టుటకు వచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్ల యెడ మాత్రము ఫ్లాష్ వెలిగించుట ద్రోహము. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల, దిఙ్మండలమున అన్నింటికంటె వెలుగైన దిక్కే సముద్రమని నమ్మి నడచును. ఒడ్డున దీపము వెలిగించినచో దీపమువైపు నడచి మరణించును. అభయారణ్యములో చిత్రములు తీయుటకు ప్రవేశానుమతి యివ్వవచ్చునని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు 28వ విభాగము పేర్కొనినది. ఆ అనుమతిని పొంది, గూటికి దూరముగ నిలిచి, కొమ్మ విరువక తీసిన చిత్రమే చిత్రము. తల్లిపక్షిని లేపి తీసిన చిత్రమునకు ఎంత బహుమతి వచ్చినను దానిని గోడపై పెట్టుకొనుటకు నాకు మనసొప్పదు.

ఇంతకును ఈ చిత్రములతో ప్రయోజనమేమి? 1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగరము, తరువాత శ్రీశైలము వచ్చిన పిదప నది తెచ్చు ఒండ్రు చాలవరకు ఎగువనే నిలిచిపోయినది. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఉపగ్రహచిత్రములను సరిపోల్చి, కృష్ణా డెల్టా తీరము పలుచోట్ల కోతపడుచున్నదని చూపియున్నారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూచిన ఈ తీరమునకు మడచెట్లు అలల ఉద్ధృతిని కొంతయైనను విరుచు అండ. ఉపగ్రహము పైనుండి విస్తీర్ణమును చెప్పునుగాని, ఫలానా చెట్టు వేరు క్రింద మన్ను ఎంత జారినదో నేలమీది చిత్రమే చెప్పవలెను. ఐతే పోటు వేళ ఒకసారి, పాటు వేళ ఒకసారి తీసిన రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి ఒడ్డు కోసుకొనిపోయినదనుట అశాస్త్రీయము. పోటు వేళ ఏ ఒడ్డైనను ఇరుకుగానే కనిపించును. ఇందులకు మన పూర్వుల తిథిగణనమే చక్కని పరిష్కారము చూపుచున్నది: పోటునకు కర్త చంద్రుడు గనుక, ఒకే తిథినాడు ఒకే వేళకు సముద్రము ఇంచుమించు ఒకే దశలో నుండును.

కార్తీక పౌర్ణమినాడు వేలాది జనులు సూర్యలంకకు స్నానమునకు పోవుదురు. తెనాలి, బాపట్ల, రేపల్లె యువకులారా, మీలో కెమెరాయో, మంచి ఫోనో లేనివారు అరుదు. ఆనాడు ఉదయము ఏడు గంటలకు, ప్రతియేటను అదే సరుగుడు చెట్టు ప్రక్క నిలిచి, అదే దిక్కునకు, అదే లెన్సుతో ఒక్క చిత్రము తీయుడు. నిజాంపట్నము రేవున, లంకెవానిదిబ్బ వద్ద మరికొందరు తీయుడు. కెమెరా గడియారమును ముందుగా సరిచేసికొని, చిత్రము వెనుక తేదీ, వేళ, నిలిచిన చోటు, చూచిన దిక్కు తప్పక వ్రాసియుంచుడు. తేదీయు వేళయు ఉన్నచో నూరేండ్ల తరువాతనైనను ఆనాటి పోటు ఎంతయో గణించి, ఒడ్డు ఎంత కదలినదో తేల్చుకొనవచ్చును. అవి లేనిచో ఎంత అందమైన చిత్రమైనను ఈ లెక్కకు అక్కరకు రాదు.